పాత సైకిలు, కొత్త భాగాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలలో పూర్వ విద్యార్థుల గోష్ఠి సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేండ్ల పండుగ చేసుకొంటున్న విద్యాలయంలో భాషను గురించి, సాహిత్యాన్ని గురించి, గురువుల త్యాగాలను గురించి ప్రసంగాలు జరగడం సహజం. వాటి నడుమ సైకిలుకు కూడ ఒక అరగంట కేటాయించినందుకు కార్యవర్గాన్ని అభినందించాలి. ఈ పాఠశాల చరిత్రలో సైకిలు పాత్ర చిన్నది కాదు. ప్రాంగణంలో పడమటి గోడ వెంబడి ఉన్న రేకుల షెడ్డు తరతరాల విద్యార్థులకు జ్ఞాపకమే. ఆ షెడ్డులోనే నేటికీ నిలిచివుండే ఒక సైకిలును గురించి, దానిని తిరిగి నిలబెట్టిన ఒక పూర్వ విద్యార్థిని గురించి, ఆ పనిలో అతనికి తోడ్పడిన చైనా భాగాలను గురించి ఈ ప్రసంగం. తన పేరు చెప్పవద్దని ఆయన కోరినందున ఆ కోరిక మన్నించబడింది.

ఆ సైకిలు ఆయన తండ్రిది. ఈ నగరం చెన్నైగా పేరు మార్చుకోక ముందు, మద్రాసుగా ఉన్న రోజులలో కొన్న నల్లని పెద్ద సైకిలు. బ్రేకులకు తీగలు కాక ఇనుప కడ్డీలు, చెయిను చుట్టూ నిండు రేకు పెట్టె, వెనుక వెడల్పాటి క్యారియరు. తండ్రి దానిపై ముప్ఫయి ఏండ్లు ఉద్యోగానికి వెళ్లారు. కుమారుని ముందు కడ్డీపై కూర్చోబెట్టుకొని ఈ బడికే తెచ్చి దింపేవారు. తండ్రి గతించిన తరువాత అది మేడమెట్ల కింద పదిహేనేండ్లు పడివుంది. పాత ఇనుము కొనేవాడు తూకం వేయబోతున్న సమయంలో, కుమార్తె అడ్డుపడి, "నాన్నా, తాతయ్య సైకిలుపై నన్ను బడికి తీసుకుపోకూడదా?" అని అడిగిందట. ఆ బాలిక ఈ పాఠశాలలోనే చదువుతోంది. తక్కెడ వెనక్కు వెళ్లింది.

ఆయన కోరిక పెద్దదేమీ కాదు. సైకిలు నడవాలి, వెనుక బిడ్డను కూర్చోబెట్టుకొన్నప్పుడు నమ్మకంగా ఆగాలి, మోకాళ్ల నొప్పి రాకుండ వంతెన ఎక్కాలి. చెన్నై చాలావరకు సమతలమే గాని వంతెనలున్నాయి. సాయంకాలం ఎదురుగా వీచే సముద్రపు గాలి ఉంది. అటువంటి బండికి ఈనాడు తక్కువ ధరలో దొరికే భాగాలలో ఎక్కువ భాగం చైనాలో తయారైనవే. "చైనా సరుకు" అన్నమాట వినగానే పెదవి విరిచేవారు, "అంత తక్కువకు వస్తే ఇంకేమి కావాలి" అనేవారు అని లోకం రెండుగా చీలిపోతుంది. రెండు పక్షాలూ తొందరపడుతున్నవే. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కు వెళ్లాలి.

ఇప్పటి సైకిలుకు మూలరూపం 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవరు సైకిలు. రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, చెయిను వెనుక చక్రాన్ని తిప్పే పద్ధతి దానితో స్థిరపడింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆపైన బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ కర్మాగారాలు ప్రపంచానికంతకూ సైకిళ్లు పంపాయి. వాటితో పాటు అంగుళాల కొలతలనూ, మరల చుట్లనూ పంపాయి. ఇక్కడ అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ సంస్థ 1949లో ఆంగ్ల సంస్థ సహకారంతో ఆరంభమైంది. సరిగా ఆ మరుసటి సంవత్సరం, 1950లో, చైనాలోని టియాన్‌జిన్ నగరంలో ఫ్లయింగ్ పిజియన్ అనే సైకిలు పుట్టింది. ఎగిరే పావురం అని దాని అర్థం. అది కూడ ఆంగ్లేయుల పెద్ద సైకిలునే నమూనాగా తీసుకొన్నది. అదే నలుపు రంగు, అవే కడ్డీ బ్రేకులు, ఇంచుమించు అదే ఇరవై కిలోల బరువు. చైనాలో ఒకప్పుడు పెండ్లి కావలసిన కుటుంబానికి చేతిగడియారం, సైకిలు, కుట్టు మిషను, రేడియో అనే నాలుగు వస్తువులు గౌరవచిహ్నాలుగా ఉండేవి. మన వైపు పెండ్లికొడుకు వాచీ, సైకిలు, రేడియో కోసం అలిగిన కథలు వినని తెలుగువారు లేరు. 1989లో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ బీజింగు వెళ్లినప్పుడు అక్కడి ప్రధాని లీ పెంగ్ ఆయన దంపతులకు బహూకరించినవి కూడ ఆ పావురం సైకిళ్లే.

అంటే అంబత్తూరు సైకిలు, టియాన్‌జిన్ సైకిలు ఒకే తాతకు మనుమలన్నమాట. ఈ బంధుత్వం వట్టి అలంకారం కాదు. చెయిను లంకెకూ లంకెకూ నడుమ దూరం సరిగ్గా అర అంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్లు, అది మద్రాసులోనూ అంతే, షాంఘైలోనూ అంతే. పెడలు మరకు అంగుళంలో పదహారవ వంతులు తొమ్మిది, అంగుళానికి ఇరవై చుట్లు. ఎడమ పెడలుకు ఎడమ తిరుగుడు. ఫ్రీవీలు బిగించే మరకు అంగుళానికి 24 చుట్లు. మెట్రిక్ కొలతలు వచ్చి ఎన్నో దశాబ్దాలైనా, తెల్లవారు పోయినా, ఈ అంగుళపు చుట్లు పోలేదు. చైనా ఫ్రీవీలు ఇక్కడి హబ్బుకు చక్కగా బిగుసుకోవడానికి కారణం ఇదే. అయితే అన్నదమ్ములలోనూ మొండివాడొకడుంటాడు. నాటింగ్‌హామ్‌లోని ర్యాలీ సంస్థ చాలాకాలం తన సైకిళ్లలో పెడళ్ల ఇరుసు పట్టే గొట్టానికి 24కు బదులు 26 చుట్లు వేసేది. తాతగారి ర్యాలీని బాగుచేయబోయి, "ఇంగ్లీషు సైజు" అన్న మాట నమ్మి కప్పు కొని తెచ్చి, అది మూడు చుట్లు తిరిగి బిగుసుకుపోతే తలపట్టుకొన్నవారు ఎందరో. కొలవక కొనడమంత ఖర్చయిన పని ఇంకొకటి లేదు.

చైనా విషయానికి వస్తే, 1980ల దాకా అక్కడి కర్మాగారాలు సొంత దేశానికి పెద్ద సైకిళ్లు చేసేవి. పిమ్మట పరిస్థితి మారింది. అమెరికాలో పేరెన్నిక గన్న ష్విన్ సంస్థ మొదట తైవాను కర్మాగారాలలోనూ, 1987 తరువాత వాటా కొని చైనాలోని షెన్‌జెన్ కర్మాగారంలోనూ తన సైకిళ్లు చేయించుకొంది. కొద్ది సంవత్సరాలకే, 1992లో, దివాలా తీసింది. చేయించుకొన్నవాడు పోయాడు, చేసినవాడు నేర్చుకొన్నాడు. 1993లో ఐరోపా సమాజం చైనా సైకిళ్లపై 30.6 శాతం అదనపు సుంకం విధించింది. సైకిలుగా కాక భాగాలుగా తెచ్చి అక్కడ కూర్చడం మొదలుపెట్టగా, 1997లో ఆ సుంకాన్ని ముఖ్యమైన భాగాలకు కూడ విస్తరించింది, 2005లో 48.5 శాతానికి పెంచింది. సుంకాలు పెరిగినకొద్దీ ఆ భాగాల ఖ్యాతి కూడ పెరగడం ఒక వింత. తైవాను వారు సైతం కలవరపడి, జయంట్, మెరిడా అనే రెండు పోటీ సంస్థలు 2003లో ఒకే కూటమిగా ఏర్పడి, చవుక సరుకును చైనాకు వదలి తాము నాణ్యమైన సైకిళ్లపై నిలబడాలని నిశ్చయించుకొన్నాయి.

ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. "చైనా భాగం" అని ఒక జాతి లేదు. జపానుకు చెందిన షిమనో సంస్థకు చైనాలో కర్మాగారాలున్నాయి. అమెరికా సంస్థలకూ ఉన్నాయి. వాటిలో తయారైనది చైనా సరుకే. ఎల్‌ట్వూ, సెన్సా వంటి చైనా సంస్థలు తమ పేరుతోనే గేర్లు చేసి తక్కువ ధరకు అమ్ముతున్నాయి; అవి వేరొక తరగతి. వీటన్నిటికీ కింద పేరు లేని పెట్టెలలో, ఎవరు చేశారో తెలియని సరుకు వస్తుంది, అది మూడవది. వీటికి తోడు పెద్ద సంస్థల ముద్రలు దొంగతనంగా వేసుకొన్న నకిలీలు. వీటన్నిటికీ పెట్టెపై ఒకే దేశం పేరు ఉంటుంది. కనుక దేశం పేరు చూసి మెచ్చుకోవడమూ తప్పే, తిట్టడమూ తప్పే.

తిరిగి ఆ సైకిలు వద్దకు. ఆయన మొదట అనుకొన్నది వెనుక చక్రానికి ఏడు పళ్లచక్రాల ఫ్రీవీలు ఒకటి బిగిస్తే చాలునని. పనిలోకి దిగిన తరువాత తెలిసింది, సైకిలులో ఏ భాగమూ ఒంటరిది కాదని.

ఏడు పళ్లచక్రాలకు స్థలం కావాలి. పాత ఫ్రేము వెనుక కాళ్ల నడుమ వెడల్పు ఒంటి ఫ్రీవీలుకు సరిపోయేదే. కొత్త హబ్బు దానిలో పట్టదు. పాత హబ్బును ఉంచుదామంటే, ఆ కాలపు సైకిళ్లకు ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు. కొత్త హబ్బులకు సాధారణంగా 36 రంధ్రాలు. నలభై రంధ్రాల రిమ్ముకు ముప్ఫయి ఆరు రంధ్రాల హబ్బు అతకదు గనుక రిమ్ము కూడ మారాలి. రిమ్ము మారితే బ్రేకు మారాలి. కడ్డీ బ్రేకు కట్టలు రిమ్ము లోపలి వైపున, ఇరుసుకేసి ఉండే అంచును పట్టుకొంటాయి. కొత్త అల్యూమినియం రిమ్మును రెండు పక్కల నుండి పట్టాలి. బ్రేకు మారితే హ్యాండిలు మారాలి, ఎందుకంటే కడ్డీల పిడులు ఆ హ్యాండిలుతో కలిసి ఉన్నవి. ఏడు పళ్లచక్రాలపై పాకే చెయిను సన్ననిది. దాని లోపలి వెడల్పు అంగుళంలో ముప్ఫయి రెండవ వంతులు మూడు మాత్రమే. పాత ముందు చక్రం పళ్లు దానికంటె మందం; చెయిను వాటిపై కూర్చోదు. ముందు చక్రం మారాలంటే క్రాంకు మారాలి. క్రాంకు కాటరు పిన్నుతో బిగించినది, కొత్త క్రాంకుకు నాలుగు పలకల ఇరుసు కావాలి. చెయిను అటూ ఇటూ జరగాలంటే నిండు రేకు పెట్టె ఉండరాదు. ఇల్లు బాగుచేయబోయి ఒక తలుపు మార్చినవాడు గోడ దాకా పోయినట్లయింది.

అయినా ఆయన వెనుదీయలేదు. రతన్ బజారులో కొన్ని, ఇంటి వద్ద కూర్చొని తెప్పించుకొన్నవి కొన్ని, నెలనెలా జీతంలో మిగిలినదానితో ఒక్కొక్కటిగా సమకూర్చారు. తరువాత బడి వీధి చివర నలభై ఏండ్లుగా దుకాణం నడుపుతున్న సైకిలు మేస్త్రిగారి వద్దకు వాటిని గోనెసంచిలో తీసుకువెళ్లారు. ఈ సభలోని సగంమంది చిన్ననాటి పంక్చర్లు వేసినది ఆ మేస్త్రిగారే. సంచి కుమ్మరించి చూసి ఆయన కాసేపు మాట్లాడలేదట. "నాయనా, పెండ్లికూతురు తప్ప పెండ్లి సామానంతా తెచ్చావు" అన్నారట చివరకు.

ఆ దుకాణంలో జరిగిన పని ఏ పుస్తకంలోనూ దొరకదు గనుక ఇక్కడ కొంత వివరించడం అవసరం. మొదట ఫ్రేము వెనుక కాళ్లను వెడల్పు చేయాలి. కొత్త హబ్బు ఇరుసుపై ఉన్న వలయాలలో అక్కరలేనివి తీసి దానిని 126 మిల్లీమీటర్లకు తగ్గించారు. అల్యూమినియం ఫ్రేమును ఇట్లా సాగదీయరాదు, పగులుతుంది. పాత సైకిలు ఉక్కు గొట్టాలది. ఉక్కు వంగి, వంగినచోట నిలుస్తుంది. కాని రెండు కాళ్లూ సమానంగా జరగాలి. లేకుంటే వెనుక చక్రం ఒక దారి, ముందు చక్రం ఒక దారి. మేస్త్రిగారు ఒక నూలు దారం తీసుకొన్నారు. వెనుక ఒక కాలి కొసకు ముడివేసి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, రెండవ కాలి కొసకు బిగించారు. సీటు గొట్టానికీ దారానికీ నడుమ దూరం కుడివైపూ ఎడమవైపూ కొలిచారు. కర్రతో కొంచెం సాగదీయడం, కొలవడం, మరల కొంచెం. ఒక సాయంకాలమంతా ఆ పనే. చివరకు రెండువైపులా కొలత ఒకటైంది. లక్షల రూపాయల యంత్రాలున్న చోట కూడ ఈ దారపు పరీక్షను తప్పుపట్టేవారు లేరు.

తరువాత చక్రం. 36 పుల్లలు మూడేసి దాటేటట్లు అల్లి, బెండు తీసి, ఫ్రీవీలు కుడివైపున స్థలం తిన్నందున రిమ్మును ఫ్రేము నడిమధ్యకు తేవడానికి కుడి పుల్లలను ఎడమవాటికంటె బిగువుగా లాగి, మీటి, శ్రుతి విని సరిచేశారు. సంగీతం నేర్చిన బాలిక దగ్గర నిలబడి, "కుడివి అన్నీ ఒకే స్వరం పలకాలా తాతా?" అని అడిగితే మేస్త్రిగారు సంతోషించారట. ఒకే వైపువి ఒకే స్వరం పలకాలి. అది సరైన ప్రశ్న.

ఆ పాత రిమ్ముకు 28 అంగుళాల టైరు. టైరు కూర్చునే వలయం వ్యాసం 635 మిల్లీమీటర్లు. కొత్త రిమ్ము 622ది. తేడా పదమూడే అయినా, అంచు ఇరుసుకు ఆరున్నర మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. బ్రేకు చేతులు ఆ మేరకు కిందికి అందాలి. మొదట తెచ్చిన బ్రేకులు పొట్టివి, కట్టలు టైరును రాచుకొన్నాయి. అవి తిరిగి వెళ్లి పొడుగుచేతులవి వచ్చాయి. ఇంత శ్రమ పడినందుకు ఫలం వానాకాలంలో తెలిసింది. క్రోమియం పూత పూసిన ఉక్కు రిమ్ము తడిసినప్పుడు బ్రేకు జారిపోతుంది. ఎంత నొక్కినా బండి తన ఇష్టం వచ్చినంత దూరం వెళ్లి ఆగుతుంది. అల్యూమినియం రిమ్ముపై ఆ జారుడు బాగా తక్కువ. ఈ నగరంలో నైరుతి తప్పినా ఈశాన్య రుతుపవనం తప్పదు; అక్టోబరు, నవంబరు నెలలలో పిల్లలను తీసుకువచ్చే తల్లిదండ్రులు ఈ ఒక్క మార్పుకైనా ఖర్చు పెట్టవచ్చు.

పెడళ్ల ఇరుసు వద్ద కొలతలు సరిగానే కలిశాయి. గోళీలు, కోను, కప్పు ఉన్న పాత ఏర్పాటును తీసి, మూసిన పెట్టెలో బేరింగులున్న కొత్తదానిని బిగించారు. కుడివైపు కప్పు ఎడమ తిరుగుడన్నది మరచి బలంగా తిప్పితే ఫ్రేము మర చెడుతుంది. అది ఒకసారి చెడితే తాతగారి సైకిలు తిరిగి తక్కెడకే. వెనుక గేరు మార్చే పరికరాన్ని తగిలించడానికి పాత ఫ్రేములో చెవి లేదు. ఇరుసు నట్టు కింద బిగించుకొనే పంజా వంటి రేకు చవుక గేర్లతో వస్తుంది. దానితో పని జరిగింది. హ్యాండిలు మీది మీట, వెనుక గేరు ఒకే పద్ధతివి కావాలన్నది ముఖ్యం. 1984లో షిమనో సంస్థ మీట ఒక టిక్కు వేస్తే చెయిను సరిగా ఒక పన్నుచక్రం జరిగే పద్ధతిని తెచ్చినప్పటి నుండి, తీగ ఎంత జరగాలన్నది సంస్థకూ సంస్థకూ మారుతూ వచ్చింది. వేరు వేరు సంస్థల సరుకు కలిపితే నాలుగవ గేరులో చెయిను గిజగిజలాడుతుంది. తప్పు చైనాది కాదు, కలిపినవారిది.

లెక్క చూస్తే ఫలితం ఇట్లా ఉంది. చక్రం ఒకసారి తిరిగితే సుమారు 2.2 మీటర్లు. పాత సైకిలుకు ముందు 44 పళ్లు, వెనుక 18. పెడలు ఒక చుట్టుకు బండి 5.4 మీటర్లు పోయేది. వంతెన ఎక్కినా అంతే, దిగినా అంతే. ఇప్పుడు ముందు 44 ఉంచి వెనుక 14 నుండి 28 పళ్ల దాకా ఏడు చక్రాలు. పెద్దదానిపై ఒక చుట్టుకు 3.5 మీటర్లు, చిన్నదానిపై 6.9 మీటర్లు. వంతెనపై కాళ్లకు పడే భారం మూడవ వంతుకు పైగా తగ్గింది. మోకాళ్లకు వైద్యం ఈ లెక్కలోనే ఉంది.

ఇంతవరకు అంతా సవ్యంగా నడిచింది. ఇక జరిగిన పొరపాటు.

కొత్త హ్యాండిలునూ, దానిని ఫోర్కుకు పట్టివుంచే కొమ్మునూ ఆయన మేస్త్రిగారికి చూపకుండ, అన్నిటికంటె తక్కువ ధర చూసి పేరు లేని పెట్టెలో తెప్పించి, ఒక ఆదివారం ఇంటి వద్ద తానే బిగించుకొన్నారు. సోమవారం ఉదయం కుమార్తెను వెనుక కూర్చోబెట్టుకొని బయలుదేరారు. బడి వీధి మలుపులో వేగనిరోధకం వద్ద ముందు బ్రేకు పట్టగానే దేహభారం చేతులపై పడింది. హ్యాండిలు ఒక్కసారిగా కిందికి తిరిగిపోయింది. సైకిలు పక్కకు ఒరిగింది. బాలిక దూకింది, మోచేయి గీరుకొన్నది. వెనుక వస్తున్న నీళ్ల లారీ సమయానికి ఆగింది. ఆ లారీ డ్రైవరు దిగివచ్చి చీవాట్లు పెట్టి, సైకిలును ఎత్తి పక్కన పెట్టి వెళ్లాడు.

ఆ సాయంకాలం మేస్త్రిగారు కొలకర్రతో కొలిచారు. పెట్టెపై 25.4 అని ఉంది; హ్యాండిలు నడుమ వాస్తవంగా ఉన్నది 25.0. నాలుగు పదవవంతుల మిల్లీమీటరు తక్కువ. ఆ ఖాళీని పూడ్చడానికి బోల్టును బలంకొద్దీ బిగించగా మెత్తని అల్యూమినియంలో మర చుట్లు ఊడిపోయాయి. బ్రేకు పట్టిన క్షణంలో పట్టు పోయింది. "నట్టు అరిచేదాకా బిగించావు నాయనా, అది అరిచింది, నీకు వినపడలేదు" అన్నారు మేస్త్రిగారు. "తప్పు నాదే మేస్త్రిగారూ" అని ఆయన ఒప్పుకొన్నారు. ఈ మాట సభలో చెప్పవలసిందిగా ఆయనే కోరారు.

ఈ సంఘటన తరువాత ఆ ఇద్దరూ కలిసి ఒక నియమం ఏర్పరచుకొన్నారు. సైకిలు కొనే ప్రతి తల్లిదండ్రులకూ అది వర్తిస్తుంది. చెడితే బండి ఆగిపోయే భాగాలు వేరు, చెడితే మనిషి పడిపోయే భాగాలు వేరు. ఫ్రీవీలు, చెయిను, వెనుక గేరు, పెడళ్ల బేరింగు, సీటు, ఇవి చవుకగా కొన్నా, పాడైతే నడిపించుకొని ఇంటికి రావచ్చు. ఫోర్కు, హ్యాండిలు, దాని కొమ్ము, బ్రేకు, బ్రేకు తీగ, ఇవి అట్లా కావు. వీటిలో పేరు లేని పెట్టె పనికిరాదు. ముఖ్యంగా అల్యూమినియం స్వభావం తెలిసివుండాలి. ఉక్కు అలసినా సాధారణంగా వంగి హెచ్చరిస్తుంది. అల్యూమినియం లోలోపల చిన్న పగుళ్లు పెంచుకొని ఒకనాడు చెప్పకుండ విరుగుతుంది. అందుకే సైకిళ్ల భద్రతకు అంతర్జాతీయంగా ఐ.ఎస్.ఓ. 4210 అనే ప్రమాణం ఏర్పడింది. హ్యాండిలును, ఫోర్కును వేలవేలసార్లు వంచి చూసే పరీక్షలు అందులో ఉన్నాయి. ఆ పరీక్షకు నిలిచిన చైనా హ్యాండిళ్లు ఉన్నాయి, వాటి ధర కొంచెం ఎక్కువ. ఆ కొంచెం ఎక్కువే అసలు ధర. తక్కువ ధరలో తగ్గించినది పరీక్షనే.

కొత్త హ్యాండిలును మేస్త్రిగారు బిగించేటప్పుడు ఆ పూర్వ విద్యార్థి బిగువు కొలిచే స్పానరు ఒకటి కొని తెచ్చారు. కొమ్ము బోల్టులకు ఇంత బిగువని వాటిపైనే ముద్రించి ఉంటుంది. చాలావాటికి అయిదారు న్యూటన్ మీటర్లు. మేస్త్రిగారు మొదట దానిని ముట్టలేదు. తన చేతితో బిగించి, పిదప దానితో పరీక్షించమన్నారు. ముల్లు అయిదున్నర వద్ద నిలిచింది. ఆ చేతులకు నలభై ఏండ్ల చదువు ఉంది.

అయితే ఆ చదువు నేర్చుకొనేవారు లేరన్నది ఇక్కడి అసలు దుఃఖం. మేస్త్రిగారి ఇద్దరు కుమారులూ వేరు ఉద్యోగాలలో స్థిరపడ్డారు. పెట్టెలో మూసిన బేరింగు వచ్చిన తరువాత గోళీలకు గ్రీజు పెట్టి ఓవరాయిలింగు చేయించేవారు తగ్గారు. భాగం చెడితే పారవేసి కొత్తది బిగించడమే. చవుక భాగాల వల్ల దుకాణం మూతపడుతుందని కొందరంటారు. అది పూర్తిగా నిజం కాదు. మూతపడినవి దుకాణాలే కాదు. 1951లో సోనిపట్‌లో ఆరంభమై దేశమంతటా పేరు పొందిన అట్లాస్ సంస్థ చివరి కర్మాగారం 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, పని నిలిపివేసింది. జనం సైకిలు దిగి మోటారు ఎక్కారు. ఉన్న సైకిలును బాగుచేయించుకొనే ఓపిక పోయింది. చైనా భాగాలు రాకపోయినా ఆ నల్లని సైకిలు బాగుపడేది కాదు, తూకానికి పోయేది. దానిని తిరిగి రోడ్డెక్కించినది చవుక భాగం, దారం కట్టి కొలిచిన చేయి, రెండూ కలిసి.

ఈ రాష్ట్రంలో సైకిలు విలువ ఎరుగనివారు లేరు. 1991, 1992 ప్రాంతంలో పుదుక్కోట జిల్లాలో అరివొళి అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో, వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు తొక్కడం నేర్చుకొన్నారు. నీళ్లు తెచ్చుకోవడానికీ, పిల్లలను బడికి చేర్చడానికీ వారు మరొకరిపై ఆధారపడనక్కరలేకపోయింది. ఈ శతాబ్దం తొలి సంవత్సరాలనుండి తమిళనాడు ప్రభుత్వం పైతరగతుల విద్యార్థులకు ఉచితంగా సైకిళ్లు ఇస్తూ వచ్చింది. ఈ పాఠశాల షెడ్డులో ఉన్నవాటిలో అటువంటివి చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నింటికి బ్రేకు కట్టలు అరిగి ఇనుము రిమ్మును గీకుతున్నదో, ఎన్నింటికి తీగ పోగులు తెగి ఒక్క పోగుపై వేలాడుతున్నదో ఆ పూర్వ విద్యార్థి, ఆయన కుమార్తె ఒక శనివారం లెక్క చూడబోయారు. కొన్ని చూసేసరికే తండ్రికి తన మోచేతి సంఘటన గుర్తువచ్చి, లెక్క మాని స్పానరు తీశారట.

ఆనాటి నుండి నెలకు రెండు శనివారాలు మధ్యాహ్నం రెండు గంటల నుండి షెడ్డులో ఆ పని జరుగుతోంది. ప్రధానోపాధ్యాయుల అనుమతితో తొమ్మిది, పదకొండు తరగతుల విద్యార్థులు ఎనిమిదిమంది చేరారు. వారిలో అయిదుగురు బాలికలు. బ్రేకు తీగలు, కట్టలు పూర్వ విద్యార్థుల చందాతో వస్తున్నవి, అన్నీ పేరున్న సరుకే. మేస్త్రిగారు ఒక ప్లాస్టికు కుర్చీలో కూర్చొని చూస్తారు. చక్రం బెండు తీయడం మాత్రం తాను పక్కన లేకుండ ముట్టనివ్వరు. పంక్చరు వేయడం వచ్చినవారికే స్పానరు చేతికిస్తారు.

పిల్లల సైకిళ్లు చూపించదలచిన తల్లిదండ్రులు వచ్చే శనివారం తీసుకురావచ్చు. ఇంట్లో పాత సైకిలు మూలపడివున్నవారు దానిని తూకానికి వేయక ముందు ఒకసారి షెడ్డుకు తెస్తే మంచిది; కొత్త భాగాలేవీ కొనకుండ తేవలసిందిగా ప్రత్యేకంగా మనవి, కొలత తీసిన తరువాతనే కొనడం. మార్చి తీసిన పాత భాగాలు కూడ పారవేయనక్కరలేదు. మేస్త్రిగారి రేకు డబ్బాలో ఆ నల్లని సైకిలు కాటరు పిన్నులు రెండూ, కడ్డీ బ్రేకు పిడులూ నూనె రాసి భద్రంగా ఉన్నాయి. నలభై రంధ్రాల రిమ్ము గోడకు వేలాడుతోంది. ఎవరి ఇంట్లోనైనా నలభై రంధ్రాల హబ్బు ఉంటే దానికి ఆయన పుల్లలు అల్లి ఇస్తానన్నారు.